సెకండ్ హ్యాండ్ లగ్జరీ వాచీ, గ్రే మార్కెట్ వారంటీ: డబ్బు కట్టేముందు ఏం చూడాలి, ఎలా లెక్కేయాలి

అమెరికాలో ఉద్యోగంలో కుదురుకున్నాక మనవాళ్ళలో చాలామందికి ఒక మంచి స్విస్ వాచీ కొనాలనిపిస్తుంది. అల్లుడికి పెళ్ళిలో పెట్టడానికో, నాన్నగారి రిటైర్మెంట్‌కి ఇవ్వడానికో, తమ కోసమో. షోరూమ్‌కి వెళ్తే ధర చూసి వెనక్కి వచ్చేస్తారు. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో వెతికితే అదే మోడల్, కొత్తదే, పాతిక శాతం తక్కువకి కనిపిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో "కంపెనీ వారంటీ లేదు, మా షాపు వారంటీ రెండేళ్ళు" అని ఉంటుంది. ఇలా కంపెనీ ఒప్పుకున్న డీలర్ల బయట దొరికే అసలు సరుకునే గ్రే మార్కెట్ అంటారు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఈ విషయంలో నాకు గట్టిగా ఉన్న అభిప్రాయం ఒక్కటే. వారంటీ అనేది మనశ్శాంతి కోసం కొనే వస్తువు కాదు, దానికి డబ్బుల్లో ఒక విలువ ఉంది. ఆ విలువ కట్టడం తెలిస్తే గ్రే మార్కెట్‌లో కొనాలా వద్దా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

గ్రే మార్కెట్ సరుకు ఎక్కడి నుంచి వస్తుంది

గ్రే మార్కెట్ వాచీ నకిలీది కాదు, దొంగ సరుకు కూడా కాదు. అసలు కంపెనీ తయారు చేసిందే, కంపెనీ ఒప్పుకున్న దారిలో కాకుండా పక్కదారిలో మీ దగ్గరికి వస్తుంది. అధీకృత డీలర్ దగ్గర కొన్ని మోడళ్ళు కదలవు. గిరాకీ ఉన్న వాచీలు కావాలంటే కదలనివి కూడా తీసుకోవాల్సి వస్తుంది కాబట్టి సరుకు పేరుకుపోతుంది. షోరూమ్‌లో బోర్డు పెట్టి తగ్గింపు ఇస్తే కంపెనీ ఊరుకోదు. అందుకని ఎవరికీ చెప్పకుండా గ్రే వ్యాపారికి గంపగుత్తగా అమ్మేస్తాడు. ధర తక్కువున్న దేశంలో కొని, ఎక్కువున్న దేశంలో అమ్మే వ్యాపారం కూడా ఇందులో భాగమే.

దీన్ని ఆపడానికి కంపెనీలు చాలా ప్రయత్నించాయి. ఒమేగా తన వాచీ వెనక చిన్న గ్లోబు బొమ్మ చెక్కి, ఆ బొమ్మకి కాపీరైట్ తీసుకుని, వాచీలు తక్కువ ధరకి అమ్ముతున్న కాస్ట్‌కో మీద అమెరికాలో దావా వేసింది. 2010లో సుప్రీంకోర్టు జడ్జీలు చెరి సగం అయిపోయారు. చివరికి 2015లో అప్పీలు కోర్టు కాస్ట్‌కో పక్షాన తీర్పు ఇచ్చింది. అంటే అమెరికాలో గ్రే మార్కెట్ వాచీ కొనడం తప్పేమీ కాదు. దాన్ని అమ్మనివ్వకుండా ఆపలేకపోయినా, వారంటీ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఇంకా కంపెనీ చేతిలోనే ఉంది.

మొదటి పని: కార్డు ఫొటో అడగండి

వాచీ ఫొటోల కంటే ముందు వారంటీ కార్డు ఫొటో తెప్పించుకోండి. సీరియల్ నంబరులో చివరి అంకెలు దాచినా పర్వాలేదు. తేదీ, డీలర్ వివరం కనబడాలి. కార్డు మూడు రకాలుగా ఉండొచ్చు.

మొదటి రకం: అధీకృత డీలర్ పేరు, అమ్మిన తేదీ అన్నీ నింపి ఉన్నవి. ఇది నిజమైన కంపెనీ వారంటీ. వాచీ గ్రే షాపులో కొన్నా సరే, ఆ తేదీ నుంచి లెక్క నడుస్తూనే ఉంటుంది. గిరాకీ ఉన్న రోలెక్స్‌లు గ్రే మార్కెట్‌లో ఎక్కువగా ఇలాగే దొరుకుతాయి. కాబట్టి "గ్రే అంటే వారంటీ ఉండదు" అని ఒక్క మాటలో కొట్టిపారేయడం సరికాదు. కాకపోతే తేదీ చూడండి. కార్డు మీద ఉన్నది ఎనిమిది నెలల కిందటి తేదీ అయితే ఆ ఎనిమిది నెలలూ మీకు పోయినట్టే. మిగిలిన కాలానికే విలువ కట్టండి.

రెండో రకం: కార్డు ఉంది, తేదీ గానీ డీలర్ ముద్ర గానీ లేవు. "మీరే తేదీ వేసుకోండి సార్, ఏం కాదు" అని కొందరు చెబుతారు. వేసుకోకండి. ఇప్పుడు చాలా కంపెనీలు అమ్మిన వివరం తమ కంప్యూటర్లలో నమోదు చేసుకుంటున్నాయి, కార్డు మీద పెన్నుతో రాసింది అక్కడ చెల్లదు. ఇలాంటి కార్డును పెట్టెలో ఒక భాగంగా చూడండి, అంతకుమించి విలువ ఇవ్వకండి.

మూడో రకం: కంపెనీ కార్డే ఉండదు, షాపు వాళ్ళ సొంత కార్డు ఇస్తారు. దీని గురించి కింద వివరంగా రాశాను.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ఏ డీలర్ నుంచి బయటికి వచ్చిందో తెలియకుండా వాచీ మీది సీరియల్ నంబరునే గీకేస్తారు. అలాంటిది ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. వారంటీ పోవడం ఒక్కటే కాదు, రేపు డబ్బు కట్టి సర్వీస్ చేయించుకుందామన్నా కంపెనీ తీసుకోకపోవచ్చు. అమ్ముదామంటే దొంగ సొత్తేమోనని కొనేవాడు భయపడతాడు.

కంపెనీ వారంటీ ఎన్నేళ్ళు

2015 జూలై నుంచి అమ్మిన రోలెక్స్‌లకి ఐదేళ్ళు. ఒమేగా 2018 నవంబరు నుంచి, ట్యూడర్ 2020 నుంచి ఐదేళ్ళు ఇస్తున్నాయి. కార్టియే, ఐడబ్ల్యూసీ, జేజర్ లెకూల్ట్ర, పనెరాయ్ మొదట రెండేళ్ళే ఇస్తాయి కానీ, ఆ గడువు తీరకముందే వాచీని వాళ్ళ సైట్‌లో నమోదు చేస్తే ఎనిమిదేళ్ళ దాకా పొడిగిస్తాయి. ఈ చివరి సంగతి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి బాగా పనికొస్తుంది. ఏడాదిన్నర కిందటి ఐడబ్ల్యూసీ మంచి కార్డుతో దొరికితే, కొన్న రోజే నమోదు చేయడానికి ప్రయత్నించండి. ఇంకో ఆరు నెలలు ఆగితే ఆ అవకాశం పోతుంది.

జపాన్ వాచీల్లో ఒక మెలిక ఉంది. జపాన్ మార్కెట్ కోసమే తయారైన సెయికో మోడళ్ళకి వారంటీ చాలావరకు ఆ దేశానికే పరిమితం. కార్డు జపనీస్‌లో ఉంటే ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

షాపు వారంటీని ఎలా చదవాలి

గ్రే షాపు ఇచ్చే వారంటీ విలువ ఎన్నేళ్ళు అన్న అంకెలో లేదు. వాచీ విప్పేది ఎవరు, వేసే పార్ట్ ఎక్కడిది అన్న రెండు ప్రశ్నల్లో ఉంది.

ఎందుకో చెబుతాను. రోలెక్స్ గానీ, ఒమేగా ఉన్న స్వాచ్ గ్రూప్ గానీ విడి భాగాలను బయటి రిపేర్ వాళ్ళకి సులభంగా ఇవ్వవు. పనిలో ఎంత నేర్పున్నా, కంపెనీతో పార్ట్స్ ఖాతా లేని వాచ్ మేకర్ పాత వాచీలోంచి తీసిన ముక్క వేయాలి, లేదంటే బయట తయారైనది వేయాలి. బయటి ముక్క పడితే తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్ పేచీ పెడుతుంది, దాన్ని మార్చడానికి మీ దగ్గరే డబ్బు తీసుకుంటుంది. ఉచిత రిపేరు అలా ఖరీదైన రిపేరు అవుతుంది.

కాబట్టి ఈమెయిల్‌లో, ఫోన్‌లో కాదు, ఇవి అడగండి. రిపేరు మీ సొంత వర్క్‌షాప్‌లోనా, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనా? అసలు విడి భాగాలే వేస్తారా? పంపడానికి, తెప్పించుకోవడానికి కొరియర్, ఇన్సూరెన్స్ ఎవరు పెట్టుకుంటారు? నీళ్ళు లోపలికి పోతే ఒప్పుకుంటారా? రోజుకి ఎన్ని సెకన్ల తేడా వస్తే లోపంగా లెక్కేస్తారు? రిపేరు కుదరకపోతే డబ్బు వెనక్కా, అదే ధరకి ఇంకో వస్తువా? ఎన్ని వారాల్లో తిరిగి ఇస్తారు?

చివరి ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే అనుమానించండి. అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు, చట్టం మీ వైపే ఉంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం కింద, 15 డాలర్లు దాటిన వస్తువుకి రాతపూర్వక వారంటీ ఇస్తుంటే దాన్ని కొనకముందే చదువుకునే వీలు కల్పించాలి. న్యూయార్క్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో అయితే, ఇది గ్రే మార్కెట్ సరుకు, దీనికి అమెరికాలో చెల్లే కంపెనీ వారంటీ లేదు అన్న సంగతి కొనేవాళ్ళకి వెల్లడించాలని ప్రత్యేక చట్టాలే ఉన్నాయి.

ఇప్పుడు లెక్క

షోరూమ్ ధర 6,000 డాలర్లు, గ్రే ధర 4,500 అనుకుందాం. తేడా 1,500. ఐదేళ్ళలో వాచీకి రాగల పెద్ద ఖర్చు ఒక పూర్తి సర్వీస్. మీ మోడల్‌కి అదెంతో కంపెనీ సైట్‌లో చూడండి, లేదా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. ఉదాహరణకి 800 అనుకుందాం. వారంటీ అస్సలు లేదనుకుని, ఆ సర్వీస్ మొత్తం మీరే కట్టుకున్నా ఇంకా 700 మీ జేబులోనే ఉంటుంది. సీరియల్ నంబరు చెక్కుచెదరని అసలు వాచీ అయితే వారంటీ లేకపోయినా డబ్బు తీసుకుని కంపెనీయే సర్వీస్ చేస్తుంది. అలాంటప్పుడు గ్రే కొనండి.

తేడా 500 మాత్రమే అయితే షోరూమ్‌కే వెళ్ళండి. వెళ్ళి బేరం ఆడండి. గిరాకీ విపరీతంగా ఉన్న మోడళ్ళు పక్కనపెడితే చాలా బ్రాండ్లకి అధీకృత డీలర్ కూడా అడిగితే ఎంతోకొంత తగ్గిస్తాడు. మనవాళ్ళు కూరగాయల దగ్గర బేరమాడి, ఇలాంటి చోట నోరు మెదపకుండా క్రెడిట్ కార్డు గీకేస్తారు. అక్కడ తగ్గిన ప్రతి వంద డాలర్లూ గ్రే ధరకీ షోరూమ్ ధరకీ మధ్య దూరాన్ని తగ్గిస్తాయి, పైగా అసలు వారంటీ మీదవుతుంది. పోల్చేటప్పుడు సేల్స్ ట్యాక్స్, కొరియర్ అన్నీ కలిపిన మొత్తాన్నే పోల్చండి.

క్రోనోగ్రాఫ్ అయితే లెక్క కొంచెం మారుతుంది. స్టాప్‌వాచ్ ఉన్న మెషీన్‌లో భాగాలు ఎక్కువ, సర్వీస్ ఖర్చూ ఎక్కువే. మామూలు మూడు ముళ్ళ వాచీకి చాలనుకున్న తగ్గింపు దానికి చాలదు.

సెకండ్ హ్యాండ్ అయితే వాచీనే చదవాలి

వాడిన వాచీ విషయంలో కార్డు కంటే వస్తువే ఎక్కువ చెబుతుంది. ఇక్కడ తొందరపడకండి.

ముందు కేస్ చూడండి. పట్టీ తగిలించే నాలుగు కొమ్ముల్ని లగ్‌లు అంటారు. వాటి అంచులు పదునుగా, నాలుగూ ఒకే మందంగా ఉన్నాయా? గీతలు పోవడానికి పదే పదే పాలిష్ చేస్తే అంచులు గుండ్రబడి లగ్‌లు సన్నబడతాయి. పోయిన లోహం తిరిగి రాదు. గీతలున్నా పాలిష్ పడని వాచీయే మంచిదని నేనంటాను, కొత్తదానిలా మెరుస్తున్న ఇరవై ఏళ్ళ వాచీని చూసి మురిసిపోకండి. చెయిన్‌ని అడ్డంగా పట్టుకుని చూడండి. బాగా కిందికి వేలాడితే లింకులు అరిగిపోయాయన్నమాట. కొత్త చెయిన్ ఖరీదు చిన్నదేమీ కాదు. తీసేసిన లింకులు ఇస్తున్నారో లేదో అడగండి.

తర్వాత డయల్. అక్షరాల అంచులు భూతద్దంలో నిండుగా, శుభ్రంగా కనిపించాలి. పాత వాచీల్లో చీకట్లో వెలిగే పూత వయసు చెబుతుంది. 1990ల చివరి దాకా ట్రిటియం వాడారు, అలాంటి చాలా డయళ్ళ అడుగున స్విస్ అన్న మాటకి పక్కన టీ అక్షరం ఉంటుంది. టీ ఉన్న డయల్ లైటు చూపించగానే కొత్త వాచీలా జిగేల్‌మని వెలిగితే ఆ పూత తర్వాత ఎవరో వేసినదే. ముళ్ళ మీది పూత రంగు, డయల్ మీది రంగు ఒకదానికొకటి పొసగకపోతే ఏదో ఒకటి మార్చారు.

ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో రంగురంగుల డయళ్ళతో చవకగా వచ్చే పాత సెయికో 5, ఫావ్ర్ లూబా, హెచ్ఎంటీ వాచీల్లో చాలావరకు ఇలా తిరిగి పెయింట్ చేసినవే. సేకరించేవాళ్ళు వాటిని "ముంబై స్పెషల్" అంటారు. సరదాకి కొనుక్కుంటే తప్పులేదు, అసలైనదని నమ్మి డబ్బు పెట్టకండి.

రోలెక్స్ అయితే 2000ల మధ్య నుంచి సీరియల్ నంబరు అద్దం కింద, డయల్ చుట్టూ ఉన్న లోపలి రింగు మీద చెక్కి ఉంటుంది. అంతకుముందువాటికి ఆరు గంటల వైపు లగ్‌ల మధ్య, చెయిన్ తీస్తేనే కనబడుతుంది. ఆ నంబరు, కార్డు మీది నంబరు అంకె అంకె సరిపోవాలి. 2010 ప్రాంతం నుంచి రోలెక్స్ నంబర్లు వరసలో లేవు కాబట్టి నంబరు చూసి ఫలానా ఏడాదిదని ఎవరైనా చెబితే నమ్మకండి, కార్డు తేదీనే చూడండి. బయట వజ్రాలు పొదిగించిన రోలెక్స్ జోలికి వెళ్ళకండి. బయటి మార్పులు పడగానే కంపెనీ గ్యారంటీ పోతుంది, సర్వీస్‌కి కూడా తీసుకోరు.

లోపలి మెషీన్ సంగతి తెలియాలంటే టైమ్‌గ్రాఫర్ ఫొటో అడగండి. వాచీ టిక్ టిక్ శబ్దం విని లెక్క చెప్పే చిన్న యంత్రం అది. రోజుకి ఎన్ని సెకన్లు తేడా, యాంప్లిట్యూడ్ (లోపలి బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోంది) ఎంత, బీట్ ఎర్రర్ (టిక్‌కీ టాక్‌కీ మధ్య సమయంలో తేడా) ఎంత అని మూడు అంకెలు ఇస్తుంది. పూర్తిగా కీ ఇచ్చిన మామూలు స్విస్ మెషీన్‌కి యాంప్లిట్యూడ్ 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం బాగున్నట్టు. 220 కిందికి పడిపోతే నూనె ఎండిపోయి ఉండొచ్చు, సర్వీస్ ఖర్చు ధరలో తగ్గించమనండి. బీట్ ఎర్రర్ అర మిల్లీసెకను లోపు ఉంటే మంచిది.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. ఆ యంత్రానికి లిఫ్ట్ యాంగిల్ అనే, మెషీన్ రకాన్ని బట్టి మారే అంకె ముందుగా ఇవ్వాలి. మామూలుగా 52 పెట్టి ఉంటుంది. కో-యాక్సియల్ అని ఒమేగా పిలిచే మెషీన్లు చాలావాటికి అది 38. ఎవరైనా 52లోనే ఉంచి కో-యాక్సియల్‌ని పరీక్షిస్తే, నిజానికి 200 దగ్గర నీరసంగా కొట్టుకుంటున్న మెషీన్ కూడా 270 చూపిస్తుంది. ఫొటోలో ఆ అంకె కూడా కనబడేలా తీయమనండి.

"ఈమధ్యే సర్వీస్ చేయించాం" అన్న మాటకి బిల్లు ఉంటేనే విలువ. రోలెక్స్, ఒమేగా తమ సర్వీస్ మీద కూడా రెండేళ్ళ గ్యారంటీ ఇస్తాయి. ఆ కాగితం వాచీతో పాటు మీ చేతికి రావాలి. ఒక్కోసారి అసలు వారంటీ అయిపోయిన వాచీకి ఏడాది కిందటి కంపెనీ సర్వీస్ కాగితం ఉండటం, గ్రే షాపు మూడేళ్ళ హామీ కంటే నయం.

దొంగ సొత్తు కాదని కూడా చూసుకోవాలి. లండన్ నుంచి నడిచే ది వాచ్ రిజిస్టర్‌లో డబ్బు కట్టి సీరియల్ నంబరు తనిఖీ చేయించవచ్చు. రిష్‌మాంట్ సంస్థ 2023లో మొదలుపెట్టిన ఎన్‌క్వైరస్‌లో ఉచితం.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే రోలెక్స్ 2022 డిసెంబరులో మొదలుపెట్టిన సర్టిఫైడ్ ప్రీ-ఓన్డ్ పథకం ఉంది. వాడిన వాచీని కంపెనీయే పరీక్షించి రెండేళ్ళ గ్యారంటీ ఇస్తుంది. బయటి ధర కంటే ఎక్కువే పెట్టాలి. మొదటిసారి కొనేవాళ్ళకి, బాగు చేసేవాళ్ళెవరూ దగ్గర్లో లేనివాళ్ళకి ఆ అదనపు డబ్బు వృథా కాదు. ఈబేలో 2,000 డాలర్లు దాటిన వాచీలకి చేసే ఆథెంటిసిటీ తనిఖీ వేరు. అది అసలుదో నకిలీదో చెబుతుంది. లోపల నూనె ఎండిపోయిందో లేదో దాంతో తేలదు.

డబ్బు కట్టేటప్పుడు

తెలియనివాళ్ళకి జెల్ (Zelle) యాప్‌లో పంపడం వద్దు, పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ (కొనేవాళ్ళకి రక్షణ లేని పద్ధతి) వద్దు. కొద్దిపాటి ఫీజు తప్పించుకుందామని చూస్తే మొత్తం పోయే ప్రమాదం ఉంది. క్రెడిట్ కార్డు మంచిది. క్రోనో24 లాంటి ఆన్‌లైన్ వాచీ మార్కెట్‌లో ఎస్క్రో ఉంటే, వాచీ మీ చేతికొచ్చి చూసుకునే దాకా డబ్బు మధ్యలోనే ఆగి ఉంటుంది. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తెలిసినవాళ్ళ ద్వారా కొన్నా ఇదే పద్ధతి పాటించండి. "అన్నా, నమ్మకం లేక కాదు, ఇద్దరికీ మంచిది" అని చెబితే సరైన మనిషి నొచ్చుకోడు.

ఇండియాలో కొంటే, ఇండియాకి తెస్తే

హైదరాబాద్‌లో కొనేవాళ్ళకి ఎథోస్ సంస్థ సెకండ్ మూవ్‌మెంట్ పేరుతో సర్టిఫైడ్ వాడిన వాచీలు అమ్ముతోంది. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. రెండు లక్షలు, అంతకుమించి నగదుగా పుచ్చుకోకూడదని చట్టం ఉంది కాబట్టి "క్యాష్ ఇస్తే తగ్గిస్తా" అన్న బేరం పెట్టుకోకండి. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీ మీద అమ్మేవాళ్ళు ఒక శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు. అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్నులో చూపించుకోవాలి. షాపుతో పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

అమెరికా నుంచి నాన్నగారికి తెస్తుంటే, కానుక కదా అని చేతికి పెట్టుకుని గ్రీన్ చానెల్‌లో దాటేయకండి. పరిమితి దాటితే శంషాబాద్‌లో రెడ్ చానెల్‌కి వెళ్ళి డిక్లేర్ చేసి సుంకం కట్టండి. ఆ రసీదు తర్వాత సర్వీస్‌కి, అమ్మకానికి కూడా పనికొస్తుంది. ఇండియాలో ఉంటూ సొంత వాచీ పెట్టుకుని విదేశం వెళ్ళేవాళ్ళు బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలుండవు. గ్రే షాపు వారంటీ మాత్రం ఇండియాలో దాదాపు పనికిరాదు. రిపేరు కోసం వాచీని మళ్ళీ అమెరికా పంపి, తిరిగి తెప్పించుకోవాలి, అక్కడ కస్టమ్స్ కాగితాలు వేరే. ఇండియాలో ఉండే మనిషికి కొంటున్నట్టయితే అంతర్జాతీయ కంపెనీ వారంటీ ఉన్నదానికి కొంచెం ఎక్కువ పెట్టడమే మేలు.

చేతికొచ్చిన మొదటి వారం

పెట్టె తెరిచేటప్పుడు మొదలు నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి. సీరియల్ నంబరు కార్డుతో సరిచూడండి. స్టిక్కర్లు, ట్యాగులు వెంటనే పీకేయకండి, కొందరు అవి లేకపోతే వెనక్కి తీసుకోరు. ఫోన్‌లో టైమ్ పెట్టుకుని రోజూ ఒకే వేళకి తేడా రాసుకోండి. వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకి పరిగెడుతుంటే కంగారుపడకండి, అయస్కాంతం పట్టి ఉండొచ్చు. స్పీకర్లు, ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ కవర్ల పక్కన పెడితే అలా అవుతుంది. వాచ్ షాపులో డీమాగ్నటైజర్‌తో నిమిషంలో పోతుంది. తేదీ అర్ధరాత్రి దగ్గర మారుతోందో లేదో, క్రోనోగ్రాఫ్ బటన్ నొక్కితే ముల్లు సరిగ్గా సున్నాకి వస్తోందో లేదో చూడండి.

డయల్ మీద 300 మీటర్లు అని రాసి ఉన్నా, వాడిన వాచీని ప్రెజర్ టెస్ట్ చేయించకుండా నీళ్ళలోకి తీసుకెళ్ళకండి. లోపలి రబ్బరు రింగులు వయసుతో గట్టిపడతాయి.

రిటర్న్ గడువు ముగిసేలోపే ఒక స్వతంత్ర వాచ్ మేకర్ చేత వెనక మూత తీయించి చూపించండి. అయితే వాచీకి ఇంకా వారంటీ ఉంటే, మూత తీస్తే అది పోతుందేమో ముందుగా అమ్మినవాళ్ళని ఈమెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే తీయించండి. చివరగా ఇన్సూరెన్స్. అమెరికాలో మామూలు ఇంటి పాలసీలో నగలు, వాచీల దొంగతనానికి పరిమితి సాధారణంగా 1,500 డాలర్లే ఉంటుంది. వాచీ ధర అంతకంటే ఎక్కువైతే బిల్లు, కార్డు, ఫొటోలు ఏజెంట్‌కి పంపి, దాన్ని పాలసీలో విడిగా రాయించండి.